విమానం పొట్టలో లచ్చి

మా లచ్చికి కొలతలు తీసింది గల్లీ చివర జాకెట్లు కుట్టే టైలరు. ముక్కు చివరి నుంచి తోక మొదలు దాకా ఎంత, నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా ఎంత, భుజాల దగ్గర వెడల్పెంత, నిలబడితే చెవుల కొస దాకా ఎత్తెంత. నాలుగూ టేపుతో పట్టి బిల్లు పుస్తకం వెనక పేజీలో రాసిచ్చాడు. కిరాణా కొట్టుకొచ్చినవాళ్లు సంచులతో సహా నిలబడిపోయారు. "కుక్కకు సూటు కుట్టిస్తున్రా అమ్మా?" అన్నాడొకాయన. "ఇల్లు కట్టిస్తున్నం" అన్నాను. అది అబద్ధం కాదు.

లెక్క సులువే. పొడవుకు మోచేయి ఎత్తులో సగం కలిపితే విమానంలో దాన్ని ఉంచే పెట్టె, అంటే క్రేట్, పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు దాని వెడల్పు. చెవుల ఎత్తుకు లోపల వేసే పరుపు మందం కలిపితే ఎత్తు. విమాన సంస్థల సంఘం అయాటా జంతువుల రవాణాకు ఏటా అచ్చువేసే నిబంధనల పుస్తకంలోని సూత్రమిది. జంతువు లోపల తల వంచకుండా నిలబడాలి, ఒక చుట్టు తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. ఎకానమీ క్లాసులో మనిషి మోకాళ్ల గురించి ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం నాకైతే కనపడలేదు. లచ్చి పొడవు 72 సెంటీమీటర్లు, మోచేయి 32. అంటే 88కి తగ్గకూడదు. దుకాణంలో 400 సైజు అని అడిగితే 91 సెంటీమీటర్ల పొడవున్నది ఇచ్చారు.

ఫారాల్లో 'మిశ్రమ జాతి' అని రాశాం గానీ లచ్చి పుట్టింది టీవీ టవర్ చౌరస్తాకు ఇవతల, మెట్రో స్తంభం పక్కన పోసిన ఇసుక కుప్ప మీద. మలక్‌పేటకూ దిల్‌సుఖ్‌నగర్‌కూ నడుమ మూసారాంబాగ్ స్టేషన్ కింద రోజూ వేలమంది నడుస్తారు. వాళ్లలో మా ఆయన ఒకరు. కూరగాయల సంచిలో వేసుకొచ్చారు. మూసారాంబాగ్ అనే మా పేట పేరుకు కారకుడైన ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కొలువులో ఉండి 1798లో ఇక్కడే పోయాడు. అతని సమాధి ఇక్కడి గుట్ట మీదే ఉంది. లచ్చి పొద్దుటి నడక ఆ గుట్ట దాకానే.

అమ్మాయి న్యూజెర్సీలో స్థిరపడింది. ఇల్లు అద్దెకిచ్చి ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండని పోరు. మరి లచ్చి? ఎవరికైనా అప్పజెప్పమన్నారు తెలిసినవాళ్లు. మూసీకి అవతల బాగ్ అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. అప్పటి నుంచి మా వైపు కూడా మెడలో పట్టీ ఉన్న కుక్కను చూసినా తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కుంటారు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. దాన్ని గల్లీలో వదిలి తాళం వేసుకుపోవడం ఇటు కుక్కకూ మంచిది కాదు, అటు గల్లీకీ మంచిది కాదు. తీసుకెళ్దామనే నిర్ణయమైంది. పక్కింటావిడ నోరు నొక్కుకుంది. "మనుషులకే వీసాలు దొర్కుతలేవు వదినా! ఓసారి చిల్కూరు గుడికి తీస్కపొయ్యి పదకొండు చుట్లు తిప్పరాదు?" మా ఆయన పేపరు దించకుండానే అన్నారు: "దానికి వీసా అక్కర్లేదమ్మా. మనకన్నా నయం."

వీసా అక్కర్లేదు గానీ మిగతావన్నీ కావాలి. కుక్కల నుంచి కుక్కలకు అంటుకునే రేబిస్ తమ దేశంలో పోయిందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2007లో ప్రకటించింది. ప్రపంచంలో రేబిస్‌కు బలయ్యేవాళ్లలో మూడోవంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి వాళ్ల జాగ్రత్త వాళ్లది. 2021 జూలైలో మనలాంటి దేశాల నుంచి కుక్కల్ని రానివ్వడమే దాదాపు ఆపేశారు. 2024 ఆగస్టు 1 నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం కుక్కకు ఆరు నెలలు నిండాలి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ టీకా పత్రం మీద ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం, ముద్ర ఉండాలి. మన దగ్గర్నుంచి వెళ్లేది ఆరు విమానాశ్రయాల్లోనే దిగాలి: న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ డల్లస్, ఫిలడెల్ఫియా, అట్లాంటా, మయామీ, లాస్ ఏంజెలెస్. దిగిన చోట వాళ్లు గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి.

ఇందులో చాలామంది తడబడేది వరస దగ్గర. చిప్ ముందు, టీకా తర్వాత. బియ్యపు గింజంత ఆ చిప్‌లో పదిహేను అంకెల నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. అది ఒంట్లోకి పోకముందు వేసిన టీకా ఈ కుక్కకే వేశారనడానికి సాక్ష్యం లేదు కాబట్టి ఆ టీకా లెక్కలోకి రాదు. పదేళ్లుగా ఏటా టీకా వేయించిన వాళ్లు కూడా చిప్ పెట్టించాక మళ్లీ వేయించాల్సిందే. ఆ తర్వాత టైటర్ పరీక్ష. టీకా పడిన 30 రోజులు దాటాక రక్తం తీసి, వాళ్లు గుర్తించిన ల్యాబుకు పంపుతారు. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ రేబిస్ ల్యాబు అలాంటి వాటిలో పేరున్నది. మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకుండా ప్రతిరక్షకాలుంటే గట్టెక్కినట్టే. రక్తం తీసిన నాటి నుంచి 28 రోజులు గడవందే అక్కడ కాలు మోపకూడదు. ఈ పరీక్ష లేకుండా వెళ్తే దిగాక 28 రోజులు క్వారంటైన్, ఆ ఖర్చు మనదే.

ఐరోపా వాళ్లయితే రక్తం తీశాక మూడు నెలలు ఆగమంటారు. బ్రిటన్‌లో కుక్క మన సామానుతో పాటు దిగడానికి లేదు, సరుకుగా ఎయిర్‌వే బిల్లు మీదే రావాలి. ఆస్ట్రేలియా మన దేశం నుంచి నేరుగా అసలు రానివ్వదు. మెల్‌బోర్న్‌లో కొడుకున్న ఓ పెద్దాయన వెటర్నరీ క్లినిక్‌లో ఇదంతా విని, "అమ్మాయిని అమెరికాకిచ్చి మీరు బతికిపోయారు" అన్నారు.

కాగితాల పని ఎంత విసుగైనా డబ్బిస్తే చేసిపెట్టే ఏజెంట్లున్నారు. పెట్ రిలోకేషన్ అని బోర్డు పెట్టుకుని ఏక్యూసీఎస్ దాకా వాళ్లే తిరుగుతారు. ఏక్యూసీఎస్ అంటే కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ కార్యాలయం. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగళూరుతో పాటు మనకు హైదరాబాదులోనూ ఉంది. దేశం దాటే జంతువుకు ఆరోగ్య పత్రం ఇచ్చేది వాళ్లే. ఏ ఏజెంటూ చేసిపెట్టలేని పని ఒకటుంది. ఆ పెట్టె తనదని లచ్చి నమ్మాలి. దానికి ఇంట్లోవాళ్లే కావాలి, నెలలు కావాలి.

పెట్టె శ్రావణంలో వచ్చింది. వచ్చీ రాగానే లచ్చి దాన్ని చూసి డైనింగ్ టేబుల్ కిందికి దూరింది. పైడొప్ప, తలుపు విప్పేసి కింది డొప్ప మాత్రం హాల్లో ఓ మూల పెట్టాం. అందులో నా పాత నేత చీర మడతపెట్టి పరిచాను. అన్నం గిన్నె మొదట డొప్ప పక్కన, తర్వాత అంచు మీద, ఆ తర్వాత లోపల. గిన్నె కోసం ముందు కాళ్లు రెండూ లోపల పెట్టి, వెనక కాళ్లు మాత్రం బయటే ఉంచి తినేది. పారిపోవడానికి దారి ఉంచుకోవడం వీధిలో పుట్టిన బుద్ధి. మేమూ తొందర పెట్టలేదు. వినాయక చవితి నాటికి అందులో పడుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు పైడొప్ప బిగించాం. తలుపు ఇంకొన్నాళ్లకు. తలుపు వేసిన మొదటిసారి కుక్కర్ కూత వచ్చేదాకా, తర్వాత నేను స్నానం చేసి వచ్చేదాకా, ఆ తర్వాత సీరియల్ అయ్యేదాకా. మూలిగితే తలుపు తియ్యకూడదు. మూలగడం ఆపిన క్షణంలో తియ్యాలి. లేకపోతే మూలుగే తాళంచెవి అని నేర్చుకుంటుంది. మనసు రాయి చేసుకోవాల్సిన ఘట్టం ఇదొక్కటే. మా ఆయన వల్ల కాక మేడ మీదికి వెళ్లిపోయేవారు.

చప్పుళ్ల సంగతి మా పేట చూసుకుంది. నవరాత్రుల చివర సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్లే వినాయకుల బండ్లన్నీ డీజేలతో పరిసరాల్ని ఊపేస్తాయి. ఆ రాత్రి క్రేట్ మీద దుప్పటి కప్పి పక్కన కూర్చున్నాను. పొద్దున్నే చూస్తే బొజ్జ పైకి పెట్టి నిద్రపోతోంది. దీపావళి టపాసులకు తనంతట తనే లోపలికి పరిగెత్తింది. మా పాలిట అదే పెద్ద సర్టిఫికెట్. ఇక కదలికకు అలవాటు చెయ్యాలి. వాచ్‌మన్, మా ఆయన చెరోవైపు పట్టి మెట్లు దించడం, ట్రాలీ ఆటోలో పెట్టి చైతన్యపురి దాకా తిప్పి తేవడం. గడ్డిఅన్నారం గతుకుల రోడ్ల మీద నిలదొక్కుకున్న కుక్క గాలిలో కుదుపులకు బెదరదని ఆటో అతను హామీ ఇచ్చాడు.

అడిగిన ప్రతివాళ్లూ ఇచ్చిన సలహా ఒకటే: నిద్రమాత్ర వేసెయ్యండి, హాయిగా పడుకుంటుంది. డాక్టరుగారు ఆ మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపారు. మత్తుమందు రక్తపోటు తగ్గిస్తుంది, ఊపిరి మందగిస్తుంది, ఒళ్లు తన వేడిని తాను సర్దుకోలేదు. పైన గాలి పీడనం తక్కువ. చూసేవాళ్లెవరూ పక్కన ఉండరు. బండి కుదిపితే మత్తులో ఉన్న కుక్క కాళ్లూనుకుని నిలబడలేదు కూడా. మత్తులో ఉన్నట్టు కనిపిస్తే చాలా విమాన సంస్థలు ఎక్కించుకోవు. "మెలకువగా భయపడనివ్వండమ్మా. భయానికి ఏం కాదు" అన్నారాయన.

విమానం పొట్ట అంటే మనకు మంచుగడ్డ కట్టే చీకటి గుహ అన్న ఊహ. చీకటి మాట నిజం, మిగతాది కాదు. జంతువుల్ని పెట్టే అరలో గాలి పీడనం మన సీట్ల దగ్గర ఉన్నదే, అంటే ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంత. వేడిని సర్దే ఏర్పాటు ఉంటుంది. ఏ అరలో ఏ జంతువు ఉందో కెప్టెన్ చేతికి బయల్దేరే ముందే కాగితం అందుతుంది. ఆ కాగితం చూసే అర వేడిని నిలుపుతారు. దేని పక్కన పెట్టకూడదో కూడా అయాటా పుస్తకంలో రాసి ఉంది. డ్రై ఐస్ ఆవిరై కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి దాని దగ్గర పెట్టకూడదు. హైదరాబాదు మందులు, టీకాలు చల్లటి పెట్టెల్లో అంతగా ఎగుమతయ్యే ఊరు కనక మనకిది ఉత్తి మాట కాదు. మనుషుల పార్థివ దేహాలున్న చోటికీ దూరంగానే ఉంచుతారు. పరాయి దేశంలో పోయిన బిడ్డలు ఇంటికి తిరిగొచ్చేది కూడా ఆ పొట్టలోనే. అది తల్చుకుంటే ఆ చోటు మీద నాకు వేరే గౌరవం కలిగింది.

ఇన్నీ తెలుసుకున్నాక నాకు అర్థమైంది, గండం గాల్లో ఉన్న గంటల్లో లేదు. ట్రాలీ మీద, తార్రోడ్డు మీద, చేతులు మారే చోట్ల ఉంది. మే నెల మధ్యాహ్నం శంషాబాద్‌లో విమానం పక్కన పావుగంట నిలబెట్టినా కుక్కకు వడదెబ్బే. ఎండాకాలంలో కొన్ని సంస్థలు జంతువుల్ని తీసుకోకపోవడానికి కారణం అదే. గడియ సరిగా పడని తలుపును తోసుకుని రన్‌వే వైపు పారిపోయిన కుక్కల కథలూ విన్నాం. అందుకే కార్తీకంలో, అర్ధరాత్రి దాటాక బయల్దేరే ఫ్రాంక్‌ఫర్ట్ విమానం చూసుకున్నాం. ఎక్కడా విమాన సంస్థ మారకుండా న్యూయార్క్ దాకా ఒకే టికెట్టు. క్రేట్ రెండు డొప్పలకూ ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనుప నట్లూ బోల్టులూ బిగించాడు దిల్‌సుఖ్‌నగర్ హార్డ్‌వేర్ కొట్టతను. తలుపు నాలుగు మూలలా జిప్ టైలు. పైన పచ్చ స్టిక్కరు మీద 'లైవ్ యానిమల్', పక్కల్లో పైకి చూపించే బాణాలు. లచ్చి ఫోటో, మా ఫోన్ నంబర్లు, దాని పేరు ఇంగ్లీషులో పెద్దక్షరాలతో. పిలిస్తే పలుకుతుందని.

పరుపుకు గడ్డి మాత్రం వాడొద్దన్నారు. గాలికుంటు వ్యాధి మన పశువుల్లో ఉంది, అమెరికాలో లేదు. గడ్డీ మట్టీ కుక్క ఒంటికి అంటుకుని వెళ్తే అక్కడి పాడి మీదికి వస్తుందని వాళ్ల భయం. కాళ్లు కడిగి, గోళ్లు తీసి, మళ్లీ ఆ నేత చీరే పరిచాం. అన్నం విమానానికి చాలా ముందే, అదీ కొద్దిగా. నీళ్ల గిన్నెను మాత్రం ఫ్రిజ్‌లో గడ్డ కట్టించాను. ఎక్కించేటప్పుడు ఒలికిపోదు, దారిలో మెల్లగా కరుగుతుంది.

శంషాబాద్‌కు మేము వెనకదారిన వెళ్లాం. సైదాబాద్, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట, బార్కస్. ఆ వేళకు బార్కస్‌లో హరీస్ కొట్లు మూసేశారు. పహాడీ షరీఫ్ దాటాక చీకట్లో వ్యాను ఆపి లచ్చిని దించాం. ఎండుగడ్డి వాసన చూస్తూ పదిచోట్ల ఆగింది. తొందరేమీ లేనట్టు, ఈ రాష్ట్రంలో ఇదే చివరి చెట్టని తెలియనట్టు.

చెకిన్ దగ్గర క్రేట్‌ను తూకం వేశారు. లచ్చిని బయటికి తీసి ఖాళీ పెట్టెను స్కానర్‌లోకి తోశారు. ఆ కాసేపు దాన్ని గొలుసుతో పట్టుకుని నిలబడడమే అన్నింటికన్నా కష్టమైంది. చక్రాల పెట్టెలు, ఏడుస్తున్న పిల్లలు, మైకుల్లో మూడు భాషలు. స్కానర్ అవతల తన పెట్టె కనపడగానే లచ్చి పరుగున వెళ్లి అందులో కూర్చుంది. సెక్యూరిటీ అమ్మాయి నవ్వింది. ట్రాలీ లాగడానికి వచ్చిన లోడరు నా మొహం చూసి, "ఫికరు జెయ్యకుండ్రి అమ్మా. మీ సూట్‌కేసు తప్పిపోవచ్చు గని ఇది తప్పిపోదు. సూట్‌కేసు మొరుగుతదా?" అన్నాడు. ఆ రాత్రి నాకు పనికొచ్చిన మాట అదొక్కటే.

సీటులో కూర్చున్నాక ఎయిర్ హోస్టెస్‌ను అడిగితే ముందుకెళ్లి కనుక్కుని వచ్చి, కుక్క ఎక్కిందని చెప్పింది. చెప్పేదాకా మా ఆయన బెల్టు పెట్టుకోలేదు. మనిషికన్నా ముందు గాల్లోకి లేచింది జంతువులే. 1783 సెప్టెంబరులో ఫ్రాన్సులో వెర్సైల్స్ రాజమందిరం దగ్గర మాంట్‌గోల్ఫియర్ సోదరులు వేడిగాలి బుడగకు బుట్ట కట్టి ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును పంపారు. ఎనిమిది నిమిషాలు ఎగిరి మూడూ ప్రాణాలతో దిగాయి. వాటి సమ్మతి ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు, ఆ సంగతి దారంతా గుచ్చుతూనే ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు కుక్కా పిల్లీ లేకుండా విమానం ఎక్కమని మొండికేసిన మన విద్యార్థుల కోసం కేంద్రం దిగుమతి నిబంధనలు సడలించింది. తణుకు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన డాక్టరు ఒకాయన పెంచుకుంటున్నవి జాగ్వార్, నల్ల చిరుత. వాటిని తెచ్చే దారి లేదని మొదట్లో బాంబుల మధ్య అక్కడే ఉండిపోయాడు. అప్పుడు టీవీలో చూసి పిచ్చివాడనుకున్నాం. ఈ ప్రయాణంలో నేనూ మా ఆయనా ఆయన గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం, పిచ్చి అనే మాట వాడకుండా.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో జంతువుల కోసమే కట్టిన లౌంజ్ ఉంది. 2008 నుంచి నడుస్తోంది. గుర్రాలకు కొట్టాలు, కుక్కలకు గదులు, సరిహద్దు పశువైద్యుల తనిఖీ, అన్నీ ఒకే కప్పు కింద. మనల్ని రానివ్వరు. అక్కడ లచ్చిని దింపి నీళ్లు పెట్టి తిప్పారని తర్వాత క్రేట్ మీద అంటించిన చీటీ చెప్పింది. మేము మాత్రం టెర్మినల్‌లో కుర్చీల మీద నిద్ర పట్టక ఎంత ఖరీదైన కాఫీ తాగామో అడక్కండి.

జేఎఫ్‌కేలో దాన్ని నేరుగా ఆర్క్ అనే కేంద్రానికి తీసుకెళ్లారు. జంతువుల కోసం ఆ విమానాశ్రయంలో 2017లో మొదలైన చోటది. చిప్ నంబరు చదివారు, టైటర్ కాగితం సరిచూశారు, ఒళ్లంతా తడిమారు, మళ్లీ ఓ రేబిస్ టీకా వేశారు. నేత చీర తడవలేదు. అంత దూరం ఓర్చుకుందన్నమాట. బయటికొచ్చి మొదట కనపడిన గడ్డి చెక్క మీద చాలాసేపు నిలబడింది. మా అమ్మాయి 'లచ్చీ' అని అరుస్తున్నా తల తిప్పలేదు. అమ్మాయి ఉండే ఎడిసన్ చేరగానే గాలికుంటు నియమం ప్రకారం వేణ్ణీళ్ల స్నానం. ఆ తర్వాత మా కన్నా ముందు దానికి కొత్త ఊరి టైము అలవాటైంది.

కొత్తపేట నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. వాళ్ల పగ్ బ్రూనోను డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి పంపాలట. "లచ్చి పోయింది గదా వదినా, బ్రూనో ఎందుకు పోడు?"

పగ్‌ను మాత్రం వద్దన్నాను. కుక్క ఒంటి వేడి ఎక్కువగా నోటితో, ముక్కుతోనే పోవాలి. ముక్కు అణిగిన జాతులకు మామూలు రోజుల్లోనే ఊపిరి చాలదు. అమెరికా రవాణా శాఖ లెక్కల్లో 2005 నుంచి 2010 దాకా విమానాల్లో చనిపోయిన కుక్కలు 122. అందులో సగం దాకా బుల్‌డాగ్, పగ్ లాంటి పొట్టి ముక్కులవే. అందుకే చాలా సంస్థలు వాటిని కార్గోలో తీసుకోవు, తీసుకున్నా క్రేట్ పదిశాతం పెద్దది కావాలంటాయి. సంచిలో పెట్టి సీటు కింద ఉంచుకునే వీలు కొన్ని చోట్ల ఉంది గానీ సంచితో కలిపి ఎనిమిది కిలోల దగ్గర ఆపుతారు. బ్రూనో ఒక్కడే పదకొండున్నాడు. పైగా ఆ ఆరు విమానాశ్రయాల్లో డాలస్ లేదు.

అవతల కాసేపు టీవీ చప్పుడు.

"అట్లయితే పిల్లగాణ్ణే ఏడాదికోసారి రమ్మంట తియ్. బ్రూనో ఈడనే ఉంటడు" అని ఫోన్ పెట్టేసింది.